రాజుగారు కూర్చున్న రాళ్లు

శాసనానికి ఒకటే జబ్బు. కంటబడిన ప్రతి వస్తువుకూ అక్కడికక్కడే చరిత్ర పుట్టించేస్తాడు. విరిగిన కుర్చీ చూపిస్తే అందులో ఏ సేనాపతి కూలబడ్డాడో చెబుతాడు. తుప్పుపట్టిన తాళం చూపిస్తే దానికోసం జరిగిన రెండు యుద్ధాలూ, ఒక పెళ్లీ చెబుతాడు. ఎవరైనా అనుమానపడితే, "రాతిమీద చెక్కి ఉందండీ!" అంటాడు. ఆ రాయి ఎక్కడుందని అడిగారో, చచ్చారే, దానికీ ఒక చరిత్ర ఉంటుంది. అందుకే అందరూ శాసనం అనే పిలుస్తారు. అసలు పేరు కన్నతల్లికైనా గుర్తుందో లేదో అనుమానమే.

మూడో అంతస్తులో ఉన్న ప్రెస్సులో బైండింగు పని చేస్తాడు. చేతినిండా జిగురు, నోటినిండా చరిత్ర. అదే బల్లకు రెండో చివర ప్రూఫురీడరు కూర్చుంటాడు. అచ్చుతప్పు కనబడితే అన్నం సయించని మనిషి. అలాంటివాడికి ఇరవై రెండేళ్లుగా శాసనం పక్కన బతుకు!

ఈమధ్య జబ్బు మరీ ముదిరింది. లిఫ్టు పనిచేయని ఆ భవనంలో రోజూ పొద్దున్నే రెండో అంతస్తు మలుపు దగ్గర ప్రూఫురీడరును ఆపేసి, కిటికీ అద్దంలో ఉన్న పగులుకు చరిత్ర చెబుతున్నాడు. మూడు నెలలుగా ఇదే వరస.

"మొన్న అది తుపాకి గుండు దెబ్బ అన్నావు. ఇవాళ రాజకుమారి గాజు అంటున్నావు."

"మొన్నటిది పై పగులు. ఇది కింది పగులు. నువ్వు సరిగ్గా చూడవు, అదీ నీతో చిక్కు."

ఆ రోజుల్లోనే మెషిన్ ఆపరేటరు కొండకోట ప్రయాణం పెట్టాడు. శనివారం మధ్యాహ్నం ఎక్కడం, రాత్రి కోటలో పడక, పొద్దున్నే సూర్యోదయం చూసి దిగడం. డీటీపీ చేసే అతని భార్య సరేనంది. శాసనం ఎగిరి గంతేశాడు. అందరికంటే ముందు చెయ్యెత్తినవాడు మాత్రం ప్రూఫురీడరు.

దానికో కారణం ఉంది. మూడు నెలల కిందట ఆయన గుండె రక్తనాళంలో డాక్టర్లు స్టెంటు వేశారు. ప్రెస్సులో మాత్రం అత్తగారింటికి వెళ్లొచ్చానని చెప్పుకున్నాడు. "కొండ ఎక్కొచ్చు, నెమ్మదిగా ఎక్కండి. అలుపొస్తే కూర్చోండి," అన్నాడు డాక్టరు. ఆ కూర్చోవడం దగ్గరే వచ్చింది తంటా. కూర్చుంటే నలుగురికీ తెలిసిపోతుంది. ఆపరేటరు దారిలోంచే వెనక్కి పంపేస్తాడు. సోమవారం నుంచి తనను కాగితం కట్ట కూడా ఎత్తనివ్వరు. తనింకా రోగి కాదని ఎవరికి రుజువైనా కాకపోయినా తనకు రుజువు కావాలి. భార్య సంచి సర్దుతూ ఒకటే మాట అంది: "పరువుకోసం నిలబడి నా ప్రాణం తీయకండి."

కొండ మొదట్లోనే శాసనం ఆయన సంచి లాక్కుని రెండో భుజాన వేసుకున్నాడు.

"ఇదేం పని?"

"చరిత్ర తెలిసినవాడు రెండు సంచులు మోయాలి. రాతిమీద చెక్కి ఉంది."

యాభై మెట్లు ఎక్కారో లేదో ప్రూఫురీడరుకు ఊపిరి బరువెక్కింది. పళ్లు బిగపట్టాడు. సరిగ్గా అప్పుడే ముందు నడుస్తున్న శాసనం ఒక బండమీద చతికిలబడ్డాడు.

"ఆగండి! రాజుగారు కూర్చున్న రాయి ఇదే. యుద్ధంలో కుడికాలు కుంటుపడి, ఇక్కడే కూర్చుని కట్టు కట్టించుకున్నాడు. చరిత్ర కూర్చునే వినాలి, లేకపోతే అపచారం."

అందరూ కూర్చున్నారు. ఆపరేటరు విసుక్కున్నాడు. ప్రూఫురీడరు కూడా పైకి విసుక్కుంటూనే గుండెలనిండా గాలి పీల్చుకున్నాడు.

తర్వాతి మలుపులో రాజుగారు మళ్లీ కూర్చున్నాడు, రాణి మీద అలిగి. ఆపై మలుపులో చెప్పులో రాయి పడి కూర్చున్నాడు. బురుజు కింద ఊరికే కూర్చున్నాడు.

"ఊరికే కూర్చోవడం కూడా చరిత్రేనా?" ఆపరేటరు అరిచాడు. "ఈ రాజు సింహాసనం మీద తప్ప అన్నిచోట్లా కూర్చున్నాడే!"

"పోనివ్వండి, కుంటిమనిషి," అంది ఆపరేటరు భార్య.

"ఎడమకాలు కదమ్మా, మెట్లెక్కడం కష్టం," అన్నాడు శాసనం.

ప్రూఫురీడరు ఉలిక్కిపడ్డాడు. "కింద కుడికాలన్నావు!"

"అది వేరే యుద్ధం."

ఆ తప్పు దిద్దే కోపంలో ఆయనకు మరో అరవై మెట్లు తెలియనేలేదు. అలా పదకొండుసార్లు రాజు కూర్చున్నాక, పొద్దుగూకే వేళకు నలుగురూ కోట గుమ్మం దాటారు. బ్రెడ్డూ, ఉడికించిన గుడ్లూ తిని గోడవారన పడుకున్నారు. తెల్లవారాక కింద ఊళ్లన్నీ మంచులోంచి ఒక్కొక్కటే బయటపడుతుంటే, ప్రూఫురీడరు గోడమీద రెండు చేతులూ ఆనించి చూశాడు. తన కాళ్లతో ఎక్కి వచ్చాడు. ఆనందం పట్టలేక కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకున్నాడు.

దిగేటప్పుడు ఎవరికీ అలుపు లేదు. ఆపరేటరు భార్య ఒక రాయి దగ్గర ఆగింది. "బాబాయ్, రాజుగారు అలిగి కూర్చున్నది దీనిమీదే కదూ?"

"ఏ రాజమ్మా?" అంటూ శాసనం చకచకా దిగిపోయాడు.

ప్రూఫురీడరు అక్కడే ఆగిపోయాడు. ఇరవై రెండేళ్లలో శాసనం ఒక రాయిని ఊరికే వదిలిపెట్టడం ఇదే మొదటిసారి. పదకొండు రాళ్లూ గుర్తుచేసుకున్నాడు. ఒక్కొక్క రాయీ సరిగ్గా తనకు ఊపిరాడని చోటే ఉంది. రెండో అంతస్తు కిటికీ కూడా అలాంటి చోటే! అదీ మూడు నెలలుగా! పరుగులాంటి నడకతో వెళ్లి పట్టుకున్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

శాసనం భుజాన సంచులు సర్దుకున్నాడు. "బైండింగుకు ఇచ్చిన పుస్తకంలో నీ గుండె మాత్రల చీటీ గుర్తుగా పెట్టి మర్చిపోయావు. ఎనభై నాలుగో పేజీలో. నీకు తప్పులు దొరుకుతాయి, నాకు చీటీలు దొరుకుతాయి."

"మరి ఒక్క మాటైనా అడగలేదేం?"

"అడిగితే దాస్తావు. వాళ్లతో చెబితే నిన్ను భుజాన వేసుకుని దించేస్తారు."

"అయితే ఆ రాజు?"

"ఎవరో ఒకరు ముందు కూర్చోవాలి కదరా!"

ప్రూఫురీడరు తన సంచి తనే తీసుకున్నాడు. ఈసారి శాసనం కాదనలేదు.

సోమవారం పొద్దున్న ప్రూఫురీడరు మెట్లెక్కుతుంటే ముందు శాసనం కనబడ్డాడు. రెండు సంచులు మోసిన పుణ్యమా అని ఒళ్లంతా పచ్చిపుండై, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాడు. మూలుగు మాత్రం బయటికి రానివ్వడంలేదు. ఇంకా మొదటి అంతస్తు కూడా రాలేదు.

ప్రూఫురీడరు గబగబా దాటి వెళ్లి, పై మెట్టుమీద చతికిలబడ్డాడు.

"ఆగు! ఈ మెట్టు చరిత్ర తెలుసా? ఒక రాజు ఇక్కడే కూర్చున్నాడు."

శాసనం ఆయన పక్కన కూలబడి, హమ్మయ్య అనుకుని, అనుమానంగా చూశాడు. "ఏ రాజు?"

"కుంటిరాజే."

"ఏ కాలు?"

"రెండూ," అన్నాడు ప్రూఫురీడరు. "రాతిమీద చెక్కి ఉంది."