మొలతాడు బిళ్ల అంచు

ముందు కబురు చెప్పేస్తాను, ఆగడం నా వల్ల కాదు. మా జేజినాయన, అంటే మా నాయన వాళ్ల నాయన, ఆయన తాత పారిపోలేదు. తరాలుగా ఊరంతా అన్న మాట అబద్ధం. తేల్చింది నేను, మా ఇంట్లో డిగ్రీ పాసైన మొట్టమొదటి మనిషిని.

కళ్యాణదుర్గం దగ్గర మా ఊళ్లో మమ్మల్ని ఇంటిపేరుతో ఎవరూ పిలవరు. బళ్లారోళ్లు అంటారు. తెల్లదొరల కాలంలో, వాన చుక్క పడని ఒక ఏడాది, జేజినాయన తాత పెళ్లాన్నీ చంటిబిడ్డనూ ఇంట్లో వదిలి, పని దొరుకుతుందంట, పోయొస్తానని బళ్లారికి వెళ్లాడు. తిరిగి రాలేదు. అక్కడ ఇంకో సంసారం పెట్టాడని ఊరు తీర్మానించేసింది. నీళ్ల ట్యాంకరు దగ్గర కొట్లాటైనా అదే మాట, పెళ్లి చూపులైనా అదే మాట. మొన్న నా ఫలితాలు వచ్చినప్పుడూ పక్కింటామె, "బళ్లారోళ్ల పాప పాసయ్యిందంట. ఇంగ ఇది యాడికి పారిపోతాదో!" అంది.

నేను నవ్వేశాను. జేజినాయన నవ్వలేకపోయాడు. పెద్దల అమావాస్య రోజు మా పెద్దనాయన ఇంట్లో, చనిపోయిన పెద్దలందరికీ కొత్త బట్టలు వరుసగా పెట్టి, సంగటీ కూరలూ వడ్డించి దండం పెట్టుకుంటాం. ఆ వరుసలో జేజినాయన వాళ్ల అవ్వకు, అంటే ఆ తాత పెళ్లానికి, చీర ఉంటుంది, తాతకు పంచె ఉండదు. చచ్చాడని తెలియనివాడికి బట్ట పెట్టకూడదు. పారిపోయినవాడికైతే అసలే పెట్టకూడదు. జేజినాయనకు ఎనభై దాటాయి. "నేను పొయ్యేలోపల మా తాతకు ఒక పంచె పెట్టల్లప్పా" అని ఏటా అడిగేవాడు. ఏటా పెద్దనాయన తల అడ్డంగా ఊపేవాడు.

తాత తాలూకు మా ఇంట్లో మిగిలింది ఒక రాగిరంగు బిళ్ల. ఆయన బళ్లారికి వెళ్లిన కొన్నేళ్లకు తాలూకా కచేరి నుంచి ఒక మనిషి వచ్చి అవ్వ చేతిలో పెట్టిపోయాడట. అతను ఏం చెప్పాడో తెలియదు, అవ్వ మాత్రం మొగుడు పంపాడనుకుంది. పంపాడంటే బతికి ఉన్నట్టే కదా! అందుకే పోయేవరకు గాజులు తియ్యలేదు, బొట్టు చెరుపుకోలేదు. బిళ్లను కొడుకు మొలతాడుకు కట్టింది, నాయన చెయ్యి బిడ్డ మీద ఉన్నట్టు. ఆ తర్వాత మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డా ఆ బిళ్లతోనే పాకింది. నేనూ పాకాను.

బిళ్లకు ఒకపక్క రాజు తల, ఇంకోపక్క గుర్రం మీద మనిషి. ఆ మనిషి తన తాతే అని జేజినాయన నమ్మకం. "ఈపక్క రాజు, ఆపక్క మా తాత" అని నాకు తిప్పి తిప్పి చూపించేవాడు. పండగ వస్తే చాలు, చింతపండూ బూడిదా వేసి తోమీ తోమీ ఇద్దరి మొహాలూ అరగదీశాం.

ఈ ఏడు మా అన్నకు కొడుకు పుట్టాడు. పెద్దల అమావాస్యకు ముందు రోజు బిళ్ల తోమే పని నాకు పడింది. తోమి గట్టు మీద పెట్టి, వాకిట్లో ముగ్గు వేసి, ఆ చేతులతోనే మళ్లీ తీసుకున్నాను. అంచు మీద బొటనవేలికి గరుకుగా తగిలింది. చూస్తే సన్నటి గాట్లలో ముగ్గుపిండి ఇరుక్కుని తెల్లగా అక్షరాలు. ఇంగ్లీషు అక్షరాలు! ఇన్నాళ్లూ అందరి కళ్లూ రాజు మీదా గుర్రం మీదా ఉన్నాయి. అంచును ఎవరూ చూడలేదు, తోమలేదు. అందుకే అది అరగలేదు.

బిళ్లను తిప్పుతూ చదివాను. ఒక నంబరు. తర్వాత తాత పేరు, దొరకు నోరు తిరిగినంత వంకరగా. చివర కూలీల దళం అని.

వాకిట్లోనే గంతులేశాను, ముగ్గంతా చెరిగిపోయింది. ఫొటోలు తీసి, కాలేజీలో మాకు చరిత్ర చెప్పిన సారుకు పంపితే వెంటనే ఫోన్ చేశాడు.

"ఇది మొదటి ప్రపంచ యుద్ధం పతకమ్మా. ఆ కాలంలో బళ్లారి గూడా మద్రాసు రాజధాని కిందనే ఉండె, ఆ పక్క నుంచి కూలోళ్లను ఓడల్లో సముద్రం అవతల బస్రా పక్కకు తీసుకపోయినారు. మూటలు మోసేకి, దారులు వేసేకి."

"పారిపోయినోళ్లకు కూడా ఇస్తారా సార్?"

"పారిపోయినోనికా? రావల్సిన కూలి గూడా ఆపేస్తారు గాని, పతకం ఇస్తారామ్మా! అయితే ఆయప్ప ఆడ సచ్చిపోయినాడో, ఏమయినాడో అనేది ఈ బిళ్ల చెప్పదు."

జేజినాయన అరుగు మీద వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. తాత పారిపోలేదు, ఓడెక్కి యుద్ధానికి పోయాడని సగం చెప్పడం సులువైంది. మిగతా సగం చెప్పడానికి బిళ్లను ఆయన ముందు పెట్టాను.

"గుర్రం మీద ఉండేది మీ తాత కాదు జేజినాయనా. ఆయప్ప మూటలు మోసినాడంట."

ఆయన బిళ్ల తీసుకుని గుర్రాన్ని వేలితో తడిమాడు. "గుర్రం లేదా?"

"లేదు."

బిళ్లను ఒళ్లో పెట్టుకుని ఇంకో కాయ ఒలిచాడు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వాడు. "మంచిదే పో. గుర్రముంటే పారిపోయినాడంటే నేనూ నమ్ముతుంటినేమో. మూట నెత్తిన పెట్టుకోని, సముద్రం అవతల, యాడికి పారిపోతాడు మే!"

మరుసటి రోజు పెద్దనాయన ఇంట్లో అందరి ముందూ చెప్పాను. ఆయన మీసం దువ్వాడు.

"అంతా చేసి కూలోడేనా?"

"కూలోడే పెద్దనాయనా. ఈ వరసలో ఉండే పెద్దలంతా కూలోళ్లే కదా. ఎవరిని లేపి పంపిస్తావు?"

"సచ్చినాడని రుజువేది?"

"పోయి నూరేండ్లు దాటె. ఇంగా బస్రాలో కూచోని బీడీ తాగుతాంటాడా?"

వంటింట్లో ఆడవాళ్లు గొల్లున నవ్వారు. పెద్దనాయనకూ నవ్వు ఆగలేదు. "నీకు డిగ్రీతో పాటు నోరు గూడా ఇచ్చినారే!"

"నోరు మనింటిదే. కాలేజీ వాళ్లు ఇచ్చింది డిగ్రీ ఒకటే."

ఆయన వంగి, వరుసలో ఉన్న బట్టలను కొంచెం పక్కకు జరిపాడు. అవ్వ చీర పక్కన పంచె పట్టేంత చోటు తేలింది.

రాజు ఇచ్చాడని ఆ బిళ్ల నాకు గొప్ప కాదు. మా కరువు చూసి మనిషిని పట్టుకుపోయారు. ఏమయ్యాడో ఇంటికి అర్థమయ్యేలా ఒక్క మాట చెప్పలేదు. ఒక ఆడమనిషి బతుకంతా ఎదురుచూసింది. దానికి బదులు ఈ లోహపు ముక్క. రాజుకు నేను దండం పెట్టను. ఊరి మాటకు తలా వంచను.

జేజినాయన తాను తెచ్చుకున్న కొత్త పంచె పరిచాడు. బిళ్లను ఎలా పెట్టాలో ఆయనకు తోచలేదు. ఇటు తిప్పితే రాజు, అటు తిప్పితే గుర్రం. చివరికి వడ్డించిన సంగటి ముద్దలో గుచ్చి, అంచు మా వైపు ఉండేలా నిలబెట్టాడు.

"సదువు మే" అన్నాడు.

తాత పేరు చదివాను.

"ఇంగొకసారి. గట్టిగా."

వీధి తలుపు తెరిచే ఉంది. పక్కింటామె దాకా వినపడేలా చదివాను.