ఏం చెప్పి ఏడవాలి

అప్పట్లో మా దిక్కు చావు జరిగిన ఇంట్లో ఊరికే కన్నీళ్లు పెట్టుకుంటే ఏడ్చినట్టు లెక్క కాదు. పోయినవాళ్లు మనకేం చేశారో, మనతో ఎలా ఉన్నారో ఒక్కొక్కటే చెప్పుకుంటూ, రాగం తీసి శోకం పెట్టాలి. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు తాము ఏడుస్తూనే ఒక చెవి ఇటు వేసి ఉంచేవాళ్లు. (ఆ తర్వాత చాలా రోజులు నల్లా దగ్గర అదే ముచ్చట. ఎవరు బాగా ఏడ్చారు, ఎవరు చెప్పిందే చెప్పారు, ఎవరు కొంగు తడవకుండానే లేచిపోయారు అని.) ఇప్పుడు అద్దాల పెట్టెలో పడుకోబెడుతున్నారు. వచ్చినవాళ్లు చేతులు కట్టుకొని కాసేపు నిలబడి, ఫోను చూసుకుంటూ పోతున్నారు. ఏడుపుకు మాటలతో పని లేని కాలం వచ్చింది. నాకు మాత్రం ఆ మాటలు దొరకక పరేషాన్ అయిన రోజు ఇంకా కళ్ల ముందే ఉంది.

మా పుట్టిల్లు ఇచ్చోడ దగ్గర పల్లె. మా నాయనమ్మ శోకం పెట్టిందంటే పీనుగ మోసేవాళ్లు కూడా పాడె కింద పెట్టి కళ్లు తుడుచుకునేవాళ్లు. ఆమె కొంగు పట్టుకొని నేనూ అన్ని చావులకూ పోయేదాన్ని. నేను చదివింది అయిదో తరగతి. బడిలో చెప్పిన పద్యం ఒక్కటీ నోట నిలవలేదు గాని, నాయనమ్మ శోకాలు మాత్రం మొదటి నుంచి చివరిదాకా వచ్చేవి. ఈ విద్య ఎక్కడికి పోయినా పనికొస్తుందని నాకు లోలోపల గర్వం.

బెల్లంపల్లిలో, బొగ్గు బాయి కోటర్లలోకి, అంటే గని కార్మికుల ఇళ్లలోకి, నన్ను కోడలిగా తెచ్చుకున్నారు. మామ అప్పటికే బాయి పని నుంచి రిటైరయ్యాడు. మాట్లాడే మనిషి కాదు. వాకిట్లో నులక మంచం మీద కూర్చొని దగ్గుతుండేవాడు. ఆ ఇంట్లో మాటలన్నీ అత్తవి, దగ్గులన్నీ మామవి. నేను వచ్చి నాలుగు నెలలన్నా నిండాయో లేదో, ఒక పొద్దున చాయ్ తాగుతూ తాగుతూ గోడకు ఒరిగిపోయాడు. గ్లాసు మాత్రం కింద పడలేదు, చేతిలోనే ఉంది.

కాసేపట్లో ఇల్లు నిండింది. మా పెద్దాడిబిడ్డ, అంటే మా ఆయన అక్క, నస్పూర్ నుంచి వచ్చి తండ్రి కాళ్ల మీద పడింది. ఎంత శోకం పెట్టిందో చెప్పలేను. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి తన జడ అల్లినది, బాయిలో తినమని కట్టిన రొట్టెలో సగం తన కోసం మిగిల్చి తెచ్చినది, అన్నీ చెప్పింది. వింటున్నవాళ్లందరూ కరిగిపోయారు. అత్త ఒక్కతే కరగలేదు. శవం తల దగ్గర గోడను చూస్తూ కూర్చుంది. ఏడవలేదు, మాట్లాడలేదు. ఆడవాళ్లు ఆమెను చూసి భయపడుతున్నారు, ఏడిపించండి, లేకపోతే గుండె ఆగుతుందని గుసగుసలాడుతున్నారు.

ఇంతలో నా వంతు వచ్చింది. కొత్త కోడలు, ఏడవకపోతే బాగుండదు. ఏడుపు వస్తోంది కూడా, దొంగ ఏడుపు కాదు. కాని ఏం చెప్పి ఏడవాలి? మామ నాకు జడ వేయలేదు, రొట్టె తేలేదు. వెతుక్కున్న కొద్దీ ఏమీ దొరకదు. చివరికి నాయనమ్మ తన అన్న పోయినప్పుడు పెట్టిన శోకం నోటికి వచ్చింది. అదే అందుకున్నాను. ఎడ్లబండి కట్టి నన్ను జాతరకు తోలుకపోతివి మామా అని.

చుట్టూ ఏడుపు ఒక్కసారి తగ్గింది. మామ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బాయిలో బొగ్గు తోడిన మనిషి. ఎద్దు కొమ్ము కూడా పట్టుకొని ఎరగడు. ఆడిబిడ్డ ముక్కు తుడుచుకొని నా వైపు తిరిగింది.

"మా బాపుకు ఎడ్లబండి యాడిదే పిల్లా?"

కొందరు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. (అవి ఏడుపుకు కాదని నాకు తెలుసు.) ఆడిబిడ్డ ఊరుకోలేదు. "నువ్వొచ్చి ఎన్నాళ్లయిందని. మా బాపు సంగతి నీకేం తెల్వదు. పో, పోయి వచ్చినోళ్లకు చాయ్ పెట్టు" అంది. కోపంతో కూడా కాదు, నిజం చెప్పినట్టు చెప్పింది. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. నన్ను ఏడ్చేవాళ్లలో నుంచి లేపి, చాయ్ పెట్టేవాళ్లలో కలిపారు.

వంటింట్లో పెద్ద గిన్నె నిండా చాయ్ కాచాను. గుడ్డతో పట్టుకొని పొయ్యి మీది నుంచి దింపుతున్నానో లేదో, షిఫ్టు మారే సైరన్ కూసింది. అంతే, ఉలిక్కిపడ్డాను, గిన్నె జారింది. చాయ్ అంతా గడప దాటి, ఏడుస్తున్నవాళ్ల చీరల కిందికి పారింది. అందరూ లేచి నిలబడ్డారు. ఆడిబిడ్డ వంటింటి తలుపు దగ్గరికి వచ్చి, మళ్లీ ఏం చేశావని అడిగింది.

"ఇయ్యాల మామ చెప్పలే వదినె" అన్నాను.

అన్నాక గాని అది నాకే తెలియలేదు. ఇక ఆగలేదు. రాగమూ లేదు, శోకమూ లేదు, మామూలుగా చెబుతూ ఏడ్చాను. నేను కాపురానికి వచ్చిన మొదటి రోజు కూడా సైరన్ కూతకు జడుసుకొని పులుసు గిన్నె పడేశాను. పల్లె పిల్లను, అంత చప్పుడు ఎన్నడూ విన్నదాన్ని కాదు. మర్నాటి నుంచి మామ కూతకు కొంచెం ముందు మంచం మీది నుంచి లేచి, వంటింటి గోడ దాకా వచ్చి, ఒకసారి దగ్గి, "బిడ్డా, చేతిల గిన్నె కింద పెట్టు" అని చెప్పి పోయేవాడు. రోజూ. ఎవరికీ తెలియదు. ఆయన చెప్పబట్టే నాకా కూత అలవాటు కాలేదు.

ఎవరూ నవ్వలేదు. గోడను చూస్తున్న అత్త మెల్లగా మామ ముఖం వైపు తిరిగింది.

"సైరన్ కూసినప్పుడల్ల నా పానం పోయి వచ్చేది. ఇన్నేండ్లల్ల నాకు ఒక్కనాడన్న చెప్పినవా?" అని ఆయన్నే అడిగింది. అచ్చం కొట్లాటకు దిగినట్టే. (బాయిలో ప్రమాదం జరిగినా అదే సైరన్ కూస్తుంది.)

పక్కింటి ముసలామె ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "నీకెట్ల చెప్తడే పిచ్చిదానా. గప్పుడు ఆయిన బాయిల ఉండె గద."

అప్పుడు ఏడ్చింది అత్త. ఆ ఏడుపు నేను మళ్లీ ఎక్కడా వినలేదు. ఆడిబిడ్డ వచ్చి నా తడి చేతులు తన కొంగుతో తుడిచి, తన పక్కన కూర్చోబెట్టుకుంది. చాయ్ ఆ రోజు ఇంకెవరో పెట్టారు.

పోయిన చలికాలం అత్త కూడా పోయింది. ఆమెతో నాకున్న ముచ్చట్లకు లెక్కే లేదు. నా పెద్దోని కాన్పుకు దవాఖాన మెట్ల మీద చెప్పులు మరిచి, ఒట్టి కాళ్లతో ఇంటిదాకా నడిచి వచ్చినది. నా మీద అలిగి కూతురింటికి పోయి, పప్పులో ఉప్పు సరిగ్గా వేస్తున్నానో లేదో చూడడానికంటూ సాయంత్రం బస్సుకే తిరిగొచ్చినది. చివరి రోజుల్లో నన్ను తనను కన్న అవ్వ అనుకొని జడ వేయమన్నది. నాయనమ్మను మించి శోకం పెట్టేంత సరుకు ఉంది నా దగ్గర. మోకాళ్లు పోయి కుర్చీలో కూర్చున్న ఆడిబిడ్డ, అవ్వ గురించి ఏదన్నా ఒక్కటి చెప్పు పిల్లా అని బతిమాలింది. నోరు తెరిచాను. ఏది చెప్పను? ఒకటి పట్టుకుంటే మిగతావన్నీ అలిగి పోతాయేమో అనిపించింది. ఊరికే కన్నీళ్లు పెట్టుకుంటూ కూర్చున్నాను. ఇన్నేండ్లు కలిసి ఉన్న కోడలికి ఒక్క మాట కూడా రాకపాయె అని వెనుక ఎవరో కొత్త కోడలు పక్కనామె చెవిలో అనడం వినబడింది. ఆ ఏడుపులోనూ నాకు కొంచెం నవ్వొచ్చింది. మామ పోయిన నాటి ఆ నాలుగు నెలల కోడలు పిల్లే నయం. దాని దగ్గర ఉన్నది ఒక్కటే ముచ్చట, దాన్నే పట్టుకొని కడుపు నిండా ఏడ్చింది.