ఎద్దుతో చెప్పిన మాటలు

రజాకార్ల రోజుల్లో ఇబ్రహీంపట్నం దగ్గర మాట్లాడే ఎద్దును చూశానని నేను ఊరంతా చెప్పుకున్నాను. నిజానికి అది మాట్లాడలేదు. దానితో మాట్లాడారు.

రజాకార్లకు భయపడి ఊరు విడుస్తున్న ఒక జంట తమ గూడుబండిలో నాకూ చోటిచ్చింది. బయల్దేరేముందు ఆమె పొయ్యి ఆర్పి, చాప చుట్టి, కుండలు బండికి కట్టింది. అతను ఎద్దులను పూన్చాడు. మొగుడి పేరు పలకరాదు గనుక ఆమె ప్రతి మాటా ఎద్దుకే చెప్పేది.

"ఓ మైలా, చక్రం ఊడకుంట సీల పెట్టినవా?"

"పెట్టిన అని చెప్పు మైలా. గంజికుండకు మూత కట్టిందేమో అడుగు."

"అవ్, కట్టిన. గంత యాది లేదా నాకు?"

నేను పగలబడి నవ్వాను.

"నవ్వుడు సాలుగని, బండెక్కు అన్నా" అందామె.

పెట్టానన్న సీల అతను పెట్టనేలేదు. అప్పుడు మెల్లగా చక్రం దగ్గర వంగాడు. అంతలో "రజాకార్లొస్తున్రు!" అని దూరంగా ఎవరో అరిచారు. ఎద్దులు బెదిరి ముందుకు దూకాయి. ఆమె అతని పేరు పెట్టి గట్టిగా కేకేసింది. అతను చటుక్కున చేతులు వెనక్కి లాక్కున్నాడు. చక్రం వేళ్ళ పక్కనుంచే దొర్లింది. పగ్గం లాగి ఆపి, సీల దిగ్గొట్టి, బండి తోలాడు.

కంపచెట్ల చాటుకు చేరి ఊపిరి పీల్చుకున్నాక అతనన్నాడు: "మైలా, జర ఇంకొక్కపారి పిలువుమను."

ఆమె కొంగుతో మొహం కప్పుకుంది.

ఆ పేరేమిటని ఇప్పటికీ అడుగుతారు. ఎన్ని పేర్లైనా కల్పించగలను గానీ, దాన్ని మాత్రం చెప్పను.