ఫైలు తెరవనివ్వని పెద్దమ్మ

ఎల్లారెడ్డి బస్టాండు ఎదురుగా జిరాక్స్ సెంటరు నడిపిన మా పెద్దమ్మ పోయిన వారం కామారెడ్డి ఆస్పత్రిలో కన్నుమూసింది. చూడటానికి వచ్చిన వాళ్లంతా మంచి మనిషి అన్నారు. నిజమే. కానీ ఏళ్ల తరబడి ఆమె పక్క కుర్చీలో కూర్చుని పనిచేసింది నేను. మంచితనం కన్నా ముందు నాకు గుర్తొచ్చేది ఆమె తెప్పించిన విసుగు.

మా దుకాణంలో ఏ ఫైలూ తిన్నగా తెరుచుకునేది కాదు. ఎవరైనా పెన్‌డ్రైవ్ ఇస్తే చాలు, కళ్లద్దాలు సర్దుకుని మొదలుపెట్టేది. "ఎవరిచ్చిండ్రు? ఎందుకిచ్చిండ్రు? అడిగినవా?" హాల్‌టికెట్ ప్రింటు కోసం పిట్లం నుంచి వచ్చిన అమ్మాయి బస్సు పోతుందని మొత్తుకుంటున్నా, జవాబులు వచ్చాకే మౌస్ కదిలేది.

"పెద్దమ్మా, ఇదేమన్న పోలీస్ స్టేషనా?" అని అరిచేదాన్ని.

"గాదు. అందుకే ముందుగాల అడుగుతున్న," అనేది.

ఒక మధ్యాహ్నం గాంధారి నుంచి ఒక చాచా వచ్చాడు. ఆయన కొడుకు దుబాయ్ వెళ్లాలి. వీసా అంటూ ఏజెంటు నంబర్ నుంచి వాట్సాప్‌లో ఫైలొచ్చింది. కంప్యూటర్‌లోనే తెరవాలని కింద రాసి ఉంది. "జర జల్ది తియ్యి బేటీ," అన్నాడు.

కంప్యూటర్‌లోకి ఎక్కించి చూస్తే, ఫైలు మీద ఉన్న గుర్తు మామూలు కాగితం బొమ్మే. పెద్దమ్మ సెట్టింగు మార్చి ఫైలు పూర్తి పేరు బయటికి తీసింది. చివర ఈఎక్స్ఈ అని ఉంది. అంటే అది కాగితం కాదు, నొక్కగానే కంప్యూటర్‌లో పని మొదలుపెట్టే ప్రోగ్రాం. తయారుచేసిన కంపెనీ డిజిటల్ సంతకం ఉందేమోనని వెతికింది. లేదు.

నాకు ఓపిక పోయింది. ఒకేసారి బోలెడు యాంటీవైరస్‌లతో పరీక్షించే వెబ్‌సైట్లో ఆ ఫైలు పెట్టాను. ఒక్కటీ తప్పు పట్టలేదు.

"సూడు! అన్నీ మంచిగనే ఉందంటున్నయి."

"ఎవ్వలు పట్టలేదంటే దొంగ గాదని గాదు. కొత్త దొంగను ఎవరు గుర్తువడతరు? అయినా వీసా అంటే కాగితం. కాగితానికి ఇన్‌స్టాల్ అయ్యే పనేంది?"

చాచాకు కోపమొచ్చింది. "మీరు తియ్యకుంటే వేరే దుకాణంకు పోత."

"పో చాచా. గని ముందుగాల ఏజెంటుకు ఫోన్ జెయ్యి. వాట్సాప్‌ల గాదు, మామూలు ఫోను."

గొణుగుతూనే చేశాడు. అవతల ఏజెంటు గొంతు మాకూ వినిపించింది. "నా వాట్సాప్ పొద్దుగాల్లనే ఎవడో కాజేసిండు. నేనేం పంపలే. వీసా ఇంకా రాలే."

చాచా బెంచీ మీద కూలబడ్డాడు. నేను కంప్యూటర్ వైపు చూశాను. సగం ఊరి ఆధార్ కార్డులు, బ్యాంకు పాసుబుక్కులు ఆ కంప్యూటర్లోనే స్కాన్ చేసి ఉన్నాయి. పెద్దమ్మ ఫైలు చెరిపేసి, ఆయనకు చాయ్ తెప్పించింది.

ఆ రోజు ఆమె గెలవడం మా ప్రాణానికొచ్చింది. అప్పటి నుంచి మరీ మొండికేసింది. కొత్త ప్రింటర్ కొన్నప్పుడు, దాని సాఫ్ట్‌వేర్ తెలిసినతను పెన్‌డ్రైవ్‌లో తెచ్చిస్తే ముట్టుకోనివ్వలేదు. కంపెనీ వెబ్‌సైట్ నుంచే దించాలంది. మా ఇంటర్నెట్ సంగతి తెలిసిందే కదా, అది దిగేలోపు పెళ్లికార్డుల పని కామారెడ్డికి వెళ్లిపోయింది. తీరా చూస్తే అతను తెచ్చిందీ అచ్చం అదే ఫైలు. "పోతే పోయింది తియ్యి," అంది. నేను రెండు రోజులు మాట్లాడలేదు.

చివరికి ఆస్పత్రి మంచం మీదా అంతే. తెలియని నంబర్ నుంచి ఆమె ఫోన్‌కు స్కానింగ్ రిపోర్టు వచ్చింది. నేను తెరవబోతే చెయ్యి పట్టుకుంది. "కిందికి పోయి అడిగి రా."

"పెద్దమ్మా, నీకు దండం పెడత. రిపోర్టే అది!"

"అడిగితే ఏం పోతది?"

లిఫ్టు పనిచేయడం లేదు. తిట్టుకుంటూ మెట్లు దిగి, కౌంటర్ దగ్గర వరుసలో నిలబడి అడిగాను. నంబరు వాళ్లదే. పైకొచ్చి రొప్పుతూ, "వాళ్లే పంపిండ్రట. ఇగ తెరువు," అన్నాను.

తెరిచింది. వేళ్లతో అక్షరాలు పెద్దవి చేసుకుంటూ చివరిదాకా చదివింది. నేను ఆమె మొహమే చూస్తున్నాను.

"ఫైలైతే మంచిదే," అంది.

ఫోన్ నాకివ్వలేదు. వెలుగు ఆరిపోయినప్పుడల్లా బొటనవేలితో తాకి వెలిగించుకుంటూ, ఆ చివరి రెండు వరుసలే మళ్లీ మళ్లీ చదువుకుంటూ కూర్చుంది.