కదిరప్ప సారు దేవగన్నేరు

కంబదూరు దగ్గరి ఒక పల్లెలో ఎలిమెంటరీ స్కూలు హెడ్‌మాస్టరు కదిరప్పకు మొక్కల గురించి తెలియని సంగతి లేదు. 1981 దాకా ఆ మాట ఆయనే చెప్పుకునేవాడు.

1977లో ఆయన ధర్మవరంలో మగ్గం నేసే బావమరిది శ్రీరంగప్ప ఇంటికి పోయినప్పుడు పెరట్లో దేవగన్నేరు చెట్టు కనిపించింది. ఒంటి మీద ఒక్క ఆకు లేదు గానీ, లావుపాటి కొమ్మల చివర తెల్లటి పూలు, మధ్యలో పసుపు. వాసన వీధి దాకా వస్తోంది. కదిరప్ప బడి ముందర గడ్డిపోచ కూడా లేదు. ఒక కొమ్మ విరుచుకున్నాడు. పాలు కారి చొక్కా పాడైంది. బస్సులో వాడిపోకూడదని కొమ్మకు తడిగుడ్డ చుట్టాడు. ఆ సాయంత్రమే నాటి రెండు బిందెల నీళ్ళు పోశాడు.

ఊరంతటికీ ఒకటే చేతిపంపు. ఆడవాళ్ళ వరుసలో బిందె పట్టుకుని నిలబడ్డ హెడ్‌మాస్టరును చూసి అందరూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆయన సగం బకెట్టుతో స్నానం కానిచ్చి, మిగతా సగం కొమ్మకు పోసేవాడు. నెల తిరిగేసరికి కొమ్మ పక్కకు ఒరిగింది. పట్టుకోగానే ఊడివచ్చింది. అడుగుభాగం కుళ్ళిన అరటిపండులా ఉంది.

నీళ్ళు చాలలేదని తేల్చాడు కదిరప్ప. రెండో ఏడు రోజుకు మూడు బిందెలు పోశాడు. మూడో ఏడు పాదు కట్టి పేడ వేశాడు. నాలుగో ఏడు ఎండ తగలకుండా గోనెపట్టాతో పందిరి కూడా వేశాడు. నాలుగు కొమ్మలూ వరసగా కుళ్ళిపోయాయి.

1981 జనవరిలో మళ్ళీ రెండు కొమ్మలు పట్టుకొచ్చాడు. ఈసారి భార్య తిరుపాలమ్మ బిందెకు అడ్డం నిలబడింది.

"ఏమయ్యా, ఈడ తాగేదానికే నీళ్ళు లేవు. కట్టెలకు పోస్తాండావు. ఒక్క చుక్క ముట్టుకున్నావంటే చూడు!"

కోపంతో ఆయన రెండు కొమ్మల్నీ గడ్డి కప్పిన కొట్టం పైకి విసిరేశాడు. ఫిబ్రవరిలో జనాభా లెక్కల పని పడి ఊళ్ళు తిరిగాడు, కొమ్మల సంగతే మరిచాడు. మార్చిలో ఇల్లు చేరగానే తిరుపాలమ్మ వేలు పైకెత్తి చూపింది.

"కొట్టం మీద ఏముండాదో చూడుపో."

ఎండిన గడ్డి మీద, మట్టి గానీ నీళ్ళు గానీ లేకుండా, రెండు కొమ్మలూ చిగురు వేశాయి. ఒకదానికి మొగ్గలు కూడా! కదిరప్ప నిచ్చెన వేసుకుని ఎక్కి, రెండింటినీ తిప్పి తిప్పి చూశాడు.

ఆదివారమే ధర్మవరం పోయి సంగతి చెప్పాడు. శ్రీరంగప్ప మగ్గం ఆపి మరీ నవ్వాడు.

"కోసిన కొమ్మ పాలు ఆరి, పదైదు దినాలు నీడలో ఎండల్ల బావా. నాటినాంక గూడా ఆకులు బాగా వచ్చేదాంక నీళ్ళు పొయ్యగూడదు."

"మరి నాలుగేండ్లు చెప్పకపోతివే?"

"నువ్వు అయ్యవారివి గదా, నీకు తెలీకుండా ఉంటాదా అనుకుంటిని. నువ్వూ అడగకపోతివి."

మర్నాడు తరగతిలో కదిరప్ప మొక్కల పాఠం తీసి, పుస్తకం మూసేశాడు. "పిల్లలూ, అనంతపురం జిల్లాలో నీళ్ళు ఎక్కువై చెట్టు చచ్చిందంటే ఎవరూ నమ్మరు. నేను నాలుగు చంపినాను" అన్నాడు. ఆయన పాఠం అంత శ్రద్ధగా పిల్లలు ఎన్నడూ వినలేదు.

ఆ కొమ్మల్ని బడి ముందర నాటాడు. ఒకనాడు ఆంజినప్ప మేకల మంద వాటి మీదికి పోతుంటే కర్ర పట్టుకుని పరుగెత్తాడు. మేకలు వాసన చూసి, మొహం తిప్పుకుని పోయాయి.

"ఊరికే ఆయాసపడతాండావు సారూ. అది పాలచెట్టని మా మేకలకు తెలుసులే" అన్నాడు ఆంజినప్ప.

తనకు నాలుగేళ్ళు పట్టిన చదువు మేకలకు ఒక్క నిమిషంలో వచ్చిందని కదిరప్ప ఇంటికి పోయి భార్యకు చెప్పుకున్నాడు.

తర్వాత ఆయన ఏటా కొమ్మలు కోసి, ఆరబెట్టి, అడిగినవాళ్ళకు పంచాడు. కొందరు పాలుకారే చెట్టు ఇంటి ముందర వద్దన్నారు. వాళ్ళను బతిమాలలేదు. కుందుర్పి దాకా కొన్ని బడుల ముందర బతికాయి.

1985లో వేరుశనగ మొలకలోనే మాడింది. పంపు దగ్గర వరుస బడి గేటు దాకా సాగింది. అలాంటి ఎండలో దేవగన్నేరు నిండా పూసింది. వరుసలో నిలబడ్డ ఒక కొత్తకోడలు రాలిన పువ్వు ఏరి తలలో పెట్టుకుంటూ అడిగింది.

"ఇంత బాగా ఎవురు పెంచినారక్కా?"

గేటు దగ్గరున్న కదిరప్ప గొంతు సవరించుకునేలోపే, వరుసలో ముందున్న తిరుపాలమ్మ అందుకుంది. "మా ఆయనే పెంచల్లని శానా కష్టపడినాడమ్మా. ఇది ఎట్లో తప్పించుకునింది."

వరుస మొత్తం నవ్వింది. అందరికన్నా పెద్దగా నవ్వింది కదిరప్పే.