వేడెక్కాక వెలిగే దీపం

నా చెవుల మీద నాకు చాలా నమ్మకం ఉండేది. తొంభైల్లో రాజోలు దగ్గర ఓ షెడ్డులో పని నేర్చుకున్నప్పుడు మాకున్న పరికరాలు పానాలు, సుత్తి, ఇంజన్‌కి ఆనించి వినడానికి ఓ పొడుగాటి స్క్రూడ్రైవరు. ట్రాక్టరైనా, పడవ ఇంజనైనా, చేలోకి నీళ్లు తోడే ఇంజనైనా కాసేపు వింటే జబ్బు తెలిసిపోయేది. రెండువేల పదహారు ప్రాంతంలో ఆ ప్రొక్లెయిన్ వచ్చేదాకా అలాగే నెట్టుకొచ్చాను.

మట్టి తవ్వే మిషన్ ఏ కంపెనీదైనా మావైపు ప్రొక్లెయినే. అమలాపురం దగ్గర ఓ కొబ్బరితోటల రైతు దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. జపాన్‌లో వాడి వాడి ఓడెక్కించేసిన బండి. దాని పొగగొట్టంలో నేనెప్పుడూ చూడని వస్తువొకటి ఉంది: మసిని పట్టి ఉంచే ఫిల్టరు. దానికి ముందు ఒకటి, వెనక ఒకటి సన్నటి గొట్టాలు బయల్దేరి, అగ్గిపెట్టంత సెన్సారు దగ్గరికి వెళ్తాయి. రెండువైపులా ఒత్తిడిలో ఎంత తేడా ఉందో ఆ సెన్సారు చూస్తుంది. తేడా బాగా పెరిగితే ఫిల్టరు మసితో పూడుకుపోయినట్టు. అప్పుడు డ్రైవరు ముందు ఎర్రదీపం వెలుగుతుంది, ఇంజన్ బలం సగానికి పడిపోతుంది.

అవి కాలువలకి నీళ్లు కట్టేసిన వేసవి రోజులు. గుర్రపుడెక్కతో, పూడికతో నిండిపోయిన మురుగుకాలువని ఆ మిషన్‌తో బాగుచేయిస్తున్నారు. వానలొచ్చేలోపు పూర్తికాకపోతే చుట్టుపక్కల నాట్లు వేసే చేలన్నీ మునిగిపోతాయి. సరిగ్గా అప్పుడే ఆ దీపం వెలగడం మొదలుపెట్టింది.

మిషన్ నడిపే ఆయనది ముక్తేశ్వరం వైపు. యాభై దాటిన మనిషి. కుర్రతనమంతా పారతో మట్టిపని చేసి, నలభై ఏళ్లప్పుడు ప్రొక్లెయిన్ నడపడం నేర్చుకున్నారు. మాట తక్కువ. మొదటిరోజే నాతో చెప్పేరు.

"పొద్దున్న ఏమీ ఉండదండి. ఎండెక్కి, ఇంజన్ బాగా కాగేకే వస్తందండి. ఆపి మళ్లీ స్టార్ట్ చేసినా పోదు. మేం భోజనాలు చేసి వచ్చేసరికి పోతందండి."

"సెన్సారు పాడైనట్టుంది" అన్నాను.

"ఆయ్. మీరోసారి ఎండలో వచ్చి చూడండి మేస్త్రీ గారూ."

నేను ఎండలో వెళ్లలేదు. మిగతా పనులుండేవి. పైగా కాలుతున్న పొగగొట్టం దగ్గర చెయ్యి పెట్టడం కష్టం. తెల్లారగానే స్కూటరు మీద వెళ్లి, చల్లగా ఉన్న మిషన్‌ని మీటరు పెట్టి చూసేవాణ్ని. ఇంజన్ ఆపేసి తాళం మాత్రం తిప్పి ఉంచితే రెండువైపులా ఒత్తిడి సమానం కాబట్టి మీటరులో అర వోల్టు చూపించాలి. చక్కగా అర వోల్టే చూపించేది. నేను ఇంటికొచ్చి చెయ్యి కడుక్కునేసరికి రైతుగారి ఫోను. "మళ్లీ వెలిగిందండీ మీ దీపం!"

ఫిల్టరు విప్పి చూశాను, శుభ్రంగానే ఉంది. విశాఖపట్నం నుంచి వేరే సెన్సారు తెప్పించి పెట్టాను. పది దాటగానే మళ్లీ అదే దీపం. వైర్లన్నీ విప్పి చూశాను. అన్నం ముందు కూర్చున్నా మనసు మిషన్ దగ్గరే. "కలుపుతూనే ఉన్నారు గాని ముద్ద నోట్లోకి పోవట్లేదు" అంది మా ఆవిడ. ఎవరి మాటా వినబుద్ధయ్యేది కాదు. షెడ్డులో ఓ పని మొదలుపెట్టి సగంలో వదిలేసి ఇంకోటి ఎత్తుకునేవాణ్ని.

ఆరోరోజు కాలువగట్టు మీద నలుగురైదుగురు రైతులు చేరేరు. "ఇంతకీ జబ్బేవిటండీ?" అని ఒకాయన అడిగేరు. "తెలీదు" అనాలి నేను. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ అంతమంది ముందు అనలేకపోయాను.

"డీజిల్లో కిరోసిన్ కలుస్తున్నట్టుందండి" అన్నాను.

అందరూ మిషన్ నడిపే ఆయన వైపు తిరిగేరు. కిరోసిన్ కలిసిందంటే డీజిలు ఎవరో అమ్ముకుంటున్నారనే అర్థం. డీజిలు డబ్బాలు ఆయన చేతిలోనే ఉంటాయి.

"నేను కలపలేదండి" అన్నారాయన. అంతే. తాళంచెవి తెచ్చి రైతుగారి చేతిలో పెట్టి, అన్నం కేరియరు పట్టుకుని గట్టు వెంట నడుచుకుంటూ వెళ్లిపోయేరు. వెనక్కి పిలుద్దామనుకున్నాను. పిలవలేదు.

మర్నాడు కొత్త డ్రైవరు వచ్చేడు. రైతుగారు తనే బంకు నుంచి డీజిలు తెచ్చి దగ్గరుండి పోయించేరు. పదిన్నరకి దీపం వెలిగింది.

ఆ కబురు నాకు పన్నెండింటికి అందింది. భోజనం మానేసి బయల్దేరాను. నేను వెళ్లేసరికి ఒంటిగంట. మిషన్ ముట్టుకుంటే కాలిపోతోంది. "ఇప్పుడే ఆపేనండి" అన్నాడు డ్రైవరు. చేతికి గుడ్డ చుట్టుకుని, ఇంజన్ ఆపే ఉంచి, తాళం తిప్పించి మీటరు పెట్టాను. రెండు వోల్టుల పైన చూపిస్తోంది. ఇంజనే తిరగనప్పుడు ఒత్తిడి ఎక్కడిది?

సెన్సారు నుంచి ముందువైపు గొట్టం లాగాను. ఫుస్సుమని గాలి బయటికొచ్చింది. మీటరు అర వోల్టుకి దిగిపోయింది.

గొట్టం పొడుగునా వేలితో తడుముకుంటూ వెళ్లాను. పొగగొట్టానికి దగ్గరగా వంపు తిరిగినచోట అది మెత్తబడి, మడతపడి, అతుక్కుపోయి ఉంది. చల్లారితే మళ్లీ తెరుచుకుంటుంది. వేడెక్కితే మూసుకుపోయి, పెరిగిన ఒత్తిడిని లోపలే బంధించేస్తుంది. ఇంజన్ నెమ్మదించినా, ఆపినా సెన్సారుకి ఆ పాత ఒత్తిడే కనిపిస్తుంది. సెన్సారు తప్పు లేదు, ఫిల్టరు తప్పు లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. దీపం వెలగడం మొదలవ్వకముందు, ఆ ఫిల్టరు మొదటిసారి శుభ్రం చేసిననాడు అసలు గొట్టం నా చేతిలోనే చిరిగింది. వేడికి తట్టుకునే రకం దొరక్క, అమలాపురంలో మామూలు డీజిలు గొట్టం కొని బిగించాను. తర్వాత మార్చుదాంలే అనుకుని మర్చిపోయాను.

గొట్టం విప్పుకుని గట్టు మీదికొచ్చాను. రైతుగారు వచ్చేరు. దాచకుండా చెప్పాను. ఆయన "పోనీలెండి, దొరికింది కదా. ఎవరికీ చెప్పక్కర్లేదు" అన్నారు. నా మంచికే అన్నారు. కానీ ఆ పూటంతా కుదురుగా నిలబడలేకపోయాను. సాయంత్రం ముక్తేశ్వరం వెళ్లాను.

ఆయన పెరట్లో గునపం పాతుకుని కొబ్బరికాయలు ఒలుస్తున్నారు. నన్ను చూసి చెయ్యి ఆపలేదు. వాళ్లావిడ కుర్చీ తెచ్చి వేసింది. నేను కూర్చోలేదు.

"తప్పు నాదేనండి" అని గొట్టం సంగతంతా చెప్పాను. "ఎండలో వచ్చి చూడమని మీరు మొదటిరోజే చెప్పేరు. నేను వినలేదు."

ఆయన ఇంకో రెండు కాయలు ఒలిచేరు.

"నాకు చెప్తే ఏం లాభమండి? నేను కలపలేదని నాకు తెల్సు కదండి. ఆ రోజు గట్టు మీద ఎవరెవరున్నారో ఆళ్లకి చెప్పాలండి."

"చెప్తాను."

"ఆయ్. అయితే రేపొస్తానండి."

మర్నాడు వాళ్లందర్నీ పేరుపేరునా కబురుపెట్టి పిలిచాను. ఆ మడతపడ్డ గొట్టం చేత్తో పట్టుకుని చెప్పాను. ఒకాయన నవ్వేరు. ఇంకొకాయన, "పాపం, ఆయన్ని ఎంత మాట అనుకున్నామండీ" అన్నారు. ముక్తేశ్వరం ఆయన గట్టు చివర నిలబడి అంతా విన్నారు. తర్వాత తువ్వాలు తలకి చుట్టుకుని, మిషన్ ఎక్కి, తాళం తిప్పేరు.

కొత్త గొట్టంతో ఆ దీపం మళ్లీ వెలగలేదు. మొదటి వానకి కాలువ పని కొంచెం మిగిలిపోయింది, కానీ నీళ్లు లాగేశాయి. చేలు మునగలేదు.

ఆ ఏడాది చివర్లో ఆయన సముద్రం వైపు రొయ్యల చెరువుల్లో వేరే మిషన్ మీదకి వెళ్లిపోయేరు. ఎప్పుడైనా అమలాపురం బస్టాండులో ఎదురైతే "బాగున్నారా మేస్త్రీ గారూ" అని పలకరించేవారు. నేనూ కుశలం అడిగేవాణ్ని. ఆ కొత్త మిషన్‌కి కూడా అలాంటి ఫిల్టరే ఉందని, అది అప్పుడప్పుడు మొరాయిస్తోందని తర్వాత ఎవరో చెప్పేరు. రిపేరుకి మాత్రం ఆయన నన్నెప్పుడూ పిలవలేదు. రాజమండ్రి నుంచి ఎవర్నో రప్పించుకునేవారట.