నలభై దాటకుండా నాగాయలంక

నాగాయలంక దాకా నేను వెళ్ళింది కృష్ణ సముద్రంలో కలిసే అందం చూద్దామని కాదు, కొత్త పిస్టన్‌ను సిలిండరుకి అలవాటు చేద్దామని. అటువైపు వెళ్ళదలుచుకున్నవాళ్ళకు దారి చెబుతాను. కానీ పిస్టన్ సంగతి ముందు తెలియకపోతే, విజయవాడ నుంచి పూటలో వెళ్ళి రాదగిన ఊరికి ఒక మనిషి తెల్లవారకముందే ఎందుకు బయలుదేరాడో, అయినా ఎందుకు ఆలస్యంగా చేరాడో అర్థం కాదు.

ఇది తొంభైల చివరి మాట. నాది మూడు వందల యాభై సీసీ బండి, ఒకటే సిలిండరు. ఇప్పుడు అలాంటి ఒంటి సిలిండరు బండికి రెండు పక్కలా పెట్టెలు తగిలించి, లక్ష పైన పోసి కొని, దాని మీద ఎక్కడికైనా పోవడాన్ని అడ్వెంచర్ అంటున్నారు. మా రోజుల్లో దాన్ని పనికి పోవడం అనేవాళ్ళం. నేను విజయవాడ వన్ టౌన్‌లో ఒక మిరపకాయల గోడౌన్లో గుమస్తాని. గుణదల నుంచి రోజూ దాని మీదే వెళ్ళి వచ్చేవాణ్ణి.

బడి నన్ను ఎనిమిదో తరగతిలో వదిలేసింది. ఇంజను పని నాకు నేనే నేర్చుకున్నాను. నేర్చుకునేలా చేసిన పుణ్యం మాత్రం ఊళ్ళో మెకానిక్కులదే. ఒకాయన స్పానరు కనపడక ఉలి పెట్టి నట్టు విప్పాడు. ఇంకొకాయన ఇంజను చుట్టూ ఉండే రేకుల్లో ఒకటి వేడికి విరిగిందని చెప్పాడు. దాని మీద సుత్తి దెబ్బ అచ్చు వేసినట్టు కనపడుతోంది. మూడో ఆయన ఇంజను విప్పి బిగించాక మిగిలిన నాలుగు స్క్రూలు కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టి, "ఇవి ఎక్స్‌ట్రా వచ్చాయండీ" అన్నాడు. కంపెనీవాళ్ళు దయతలచి ఎక్కువ వేసి ఉంటారు. ఆ సాయంత్రమే స్పానర్ల సెట్టు కొనుక్కున్నాను.

ఆ ఏడాది బండి ఆయిలు తాగడం మొదలుపెట్టింది. వెనక నీలం పొగ. ముందుగదిలో గోనెపట్టా పరిచి ఇంజను మొత్తం విప్పాను. నట్లూ వాషర్లూ కలిసిపోకుండా విడివిడిగా పెట్టుకోవడానికి ఇడ్లీ రేకు గుంటల్ని మించినవి లేవు. విప్పదలుచుకున్నవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవచ్చు. ఆ రేకులు మళ్ళీ పొయ్యి ఎక్కలేదు. దాని గురించి నాకూ నా భార్య రాజ్యలక్ష్మికీ మధ్య జరిగిన చర్చ ఇక్కడ రాయను.

సిలిండరు అరిగిపోయింది. వన్ టౌన్‌లో లేత్ పని చేసే మస్తాన్ వలీ దాన్ని రీబోరు చేసి, అంటే లోపల కొంచెం వెడల్పు చేసి, ఒక సైజు పెద్ద పిస్టన్ ఇచ్చాడు. బిగించుకోవడం నా పని. మొదటి ఐదొందల కిలోమీటర్లు బండి రన్నింగులో ఉన్నట్టని, అందాకా నలభై స్పీడు దాటకూడదని, మధ్య మధ్యలో ఆపి చల్లార్చాలని, డబుల్స్ వద్దే వద్దని చెప్పాడు. "నలభై దాటితే మళ్ళీ మనం కలుసుకుంటామండీ. కలుసుకోకపోతేనే మంచిది" అని కూడా అన్నాడు.

అదే సమయానికి నాగాయలంకలో నా బావమరిది ప్రసాదు కొత్త ఇంటి గృహప్రవేశం వచ్చింది. వరిచేలన్నీ రొయ్యల చెరువులుగా తవ్వేసి, ఆ రొయ్యలతో మేడ కట్టాడు. రొయ్యకు ఎప్పుడే జబ్బు వస్తుందోనని ఇంటికి మాత్రం మంచి ముహూర్తం పెట్టించాడు. పదింటికి పాలు పొంగించాలి. పొంగించాల్సింది ఆడపడుచు, అంటే రాజ్యం. చెరువుగట్ల మీద తిరగడానికి నా బండి పనికొస్తుందని ప్రసాదు రెండేళ్ళుగా అడుగుతున్నాడు. అమ్మే ఆలోచన నాకు లేదని రెండేళ్ళుగా చెబుతున్నాను.

రాజ్యం బస్సులో పోదామంది. ఎలాగూ మెల్లగా తిప్పాల్సిన బండి, దాని మీదే పోదామన్నాను. చాలాసేపు ఆలోచించి ఒక షరతు పెట్టింది.

"దారిలో ఆగిపోయి నేను బస్సెక్కాల్సి వస్తే, బండి మా తమ్ముడికి ఇచ్చేసి వద్దాం. మళ్ళీ ముందుగదిలో ఇంజను కనపడకూడదు."

ఒప్పుకున్నాను. డబుల్స్ వద్దన్న మాట చెప్పలేదు. ఆమె అడగలేదు.

అయిదున్నరకు గుణదలలో బయలుదేరాం. వెనక రాజ్యం, ఆమె ఒళ్ళో సంచి. సంచిలో పాలు పొంగించే కొత్త ఇత్తడి గిన్నె, పట్టుబట్టలు, డబ్బా నిండా సున్నుండలు. బందరు రోడ్డు మీద నలభైలో పోయేవాడు ఎవరెవరి వీపులు చూడాలో ఆరోజు తెలిసింది. కోడిగుడ్ల అట్టలు కట్టుకున్న మోపెడ్ దాటిపోయింది. చెరుకు లోడుతో ట్రాక్టరు దాటిపోతూ, డ్రైవరు వెనక్కి తిరిగి మా ఆరోగ్యం గురించి ఆందోళనగా చూశాడు.

ఆరుంబావుకి కంకిపాడులో మొదటి ఆపు. టీ రెండు రూపాయలు, రుచి అంతకంటే తక్కువ. అక్కడే అవనిగడ్డ మీదుగా నాగాయలంక పోయే ఎర్రబస్సు మమ్మల్ని దాటింది. తర్వాత పల్లెపల్లెకీ అది ఆగినప్పుడు మేం దాన్ని దాటడం, అది బయలుదేరాక మమ్మల్ని దాటడం. రెండుసార్లు అయ్యేసరికి బస్సులో ఎడమవైపు వాళ్ళందరూ మాకు చుట్టాలైపోయారు. ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీ వాసన మొదలయ్యే చోట కండక్టరు ఫుట్‌బోర్డు మీద నిలబడి పలకరించాడు.

"అమ్మగారూ, కిటికీ పక్క సీటు ఖాళీగా ఉందండీ."

"ఉంచు నాయనా, చూద్దాం" అంది రాజ్యం.

ఆ 'చూద్దాం' నాకు నచ్చలేదు.

పామర్రు దగ్గర కుడివైపు తిరగాలి. అక్కడ రెండో ఆపు. ఇంజను చల్లారిందో లేదో తెలుసుకోవడానికి రేకుల మీద అరచెయ్యి ఆనించాలి. పది అంకెలు లెక్కపెట్టేదాకా ఉంచగలిగితే బయలుదేరవచ్చు. నేను అలా లెక్కపెడుతుంటే బడ్డీకొట్టు దగ్గర ముగ్గురు పెద్దమనుషులు చేరారు. ఒకాయన కార్బొరేటర్ అన్నాడు. ఒకాయన ప్లగ్గు అన్నాడు. బండికి ఏ రోగమూ లేదని చెబితే ఇద్దరికీ కోపం వచ్చింది. మూడో ఆయన బిందె తెప్పించి నీళ్ళు పొయ్యమన్నాడు. వేడి ఇనుము మీద చన్నీళ్ళు పోస్తే సిలిండరు పగులుతుంది. వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోండి, ఈ దారిలో నీళ్ళు పొయ్యమనే మనిషి ప్రతి కూడలిలోనూ ఉంటాడు, బిందె కూడా ఆయనే తెస్తాడు.

ఎనిమిదిన్నరకు చల్లపల్లి. రాజావారి కోట పక్క సందులో ఒక హోటలు. బెంచీలు శుభ్రం, చట్నీ ఘాటు. ఇడ్లీ తెచ్చిపెట్టారు. రాజ్యం ఇడ్లీని చూసింది, నన్ను చూసింది. నేను కోట గురించి, జమీందారీలు పోవడం గురించి మాట్లాడాను. నా చిన్నతనంలో ఆ గేటు ముందు చెప్పులు చేత్తో పట్టుకు నడిచినవాళ్ళను నేను చూశాను. ఇప్పుడు ఆ గోడ పక్కనే కార్లు నిలిపి సెల్యూట్ కొట్టించుకుంటున్నవాళ్ళనూ చూస్తున్నాను. ఏం మారిందని ఎవరైనా అడిగితే చెప్పులు మారాయని చెబుతాను. ఆమె ఇడ్లీ తినడం ముగించి, "పదండి, పాలు" అంది.

మోపిదేవి దాటాక రెండు పక్కలా చేలు పోయి చెరువులు మొదలయ్యాయి. రొయ్యలకు గాలి అందించే చక్రాలు నీళ్ళలో తిరుగుతూ నురగ లేపుతున్నాయి. ఎదురుగా సముద్రం గాలి. ఇద్దరు మనుషులు, ఇత్తడి గిన్నె, ఎదురుగాలి. నలభై దాటలేదు. ఇప్పుడైనా ఏ దేవుడి ముందైనా ప్రమాణం చేస్తాను. అయినా ఇంజను గొంతు మారింది. బండి వెనక తాడు కట్టి ఎవరో లాగినట్టయింది. వెంటనే క్లచ్ పట్టాను. పిస్టన్ బిగుసుకున్నప్పుడు చెయ్యాల్సింది అదొక్కటే. ఆలస్యమైతే వెనక చక్రం కూడా బిగుసుకుని మనిషిని తీసుకెళ్ళి చెరువులో పడేస్తుంది. బండి మెల్లగా దొర్లి గట్టు పక్కన నిలబడింది. నీడ లేదు. తొమ్మిదింబావు.

రాజ్యం దిగింది. ఏమీ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర మస్తాన్ వలీ మీద, ఎదురుగాలి మీద, రోడ్ల శాఖ మీద చాలా మాటలున్నాయి. ఒక్కదానికీ అవకాశం రాలేదు. కొంతసేపటికి ఎర్రబస్సు వచ్చింది. ఈసారి కండక్టరు నవ్వలేదు. అది ఇంకా బాధ. బస్సు ఆపించి, తలుపు తీసి, సంచి అందుకున్నాడు. ఆమె మెట్టెక్కి వెనక్కి తిరిగింది.

"ఇంజను చల్లారాక రండి. కంగారేం లేదు."

బండి చేజారినవాడికి కంగారెందుకు అని ఎత్తిపొడిచిందనుకున్నాను.

ఆ తర్వాత గట్టు మీద కూర్చుని, ఆ ఇంజనులో నేను చేత్తో తిప్పని ముక్క ఏదైనా ఉందా అని వెతికాను. లేదు. అది ప్రసాదు చేతికి పోయి, ఉప్పునీటి గట్ల మీద నానా హింసా పడి, ఆఖరికి ఉలి పెట్టి నట్లు విప్పే ఆయన దగ్గరకే చేరుతుంది. అది తలుచుకుంటే మాత్రం నాకు కోపం కూడా రాలేదు.

సైకిలు మీద చేపల గంప కట్టుకు పోతున్న ఒకాయన ఆగి సంగతి అడిగాడు. చెప్పాను. వాళ్ళ పడవ ఇంజను కూడా అప్పుడప్పుడు ఇలాగే పట్టేస్తుందట.

"అప్పుడేం చేస్తారు?"

"ఏం చేస్తామండీ. నడి నీళ్ళలో ఎక్కడికి పోతాం? చుట్ట కాల్చుకుంటామండి."

ఆరోజు ఏ నష్టమూ చెయ్యని సలహా అదొక్కటే. ఆయన చుట్ట కాల్చుకున్నాడు, నేను కూర్చున్నాను. ఆయన వెళ్ళాక ప్లగ్గు విప్పి, ఆ కన్నంలోంచి చెంచాడు ఆయిలు వదిలి, కిక్కు రాడ్డు మీద కాలు పెట్టి మెల్లగా నొక్కాను. మొదట కదలలేదు. తర్వాత కదిలింది. పది నిమిషాలాగి స్టార్టు చేశాను. అందుకుంది. ముప్పైలో అవనిగడ్డ దాటి, పదీ ముప్పావుకి నాగాయలంక చేరాను.

పాలు పొంగిపోయాయి. పట్టుపంచె కట్టుకున్న ప్రసాదు అరుగు దిగి ఎదురొచ్చాడు. షరతు సంగతి వాళ్ళ అక్క ముందే ఉత్తరం రాసిందట. నలుగురూ వింటుండగా చెయ్యి చాపాడు.

"బావగారూ, తాళం ఇటిప్పించండి. కాగితాలు తర్వాత చూసుకుందాం."

మాట ఇచ్చినవాణ్ణి. జేబులో చెయ్యి పెట్టాను. లోపలి నుంచి రాజ్యం పాల గ్లాసుతో వచ్చింది.

"దేనికిరా తాళం?"

"బండి ఆగిపోయిందిగా అక్కా. నువ్వు బస్సులో దిగావుగా."

"ఆగిపోతే ఎక్కుతానన్నాను. ఆగిపోలేదు. నేనే ఆపమన్నాను."

"ఎందుకు?"

"రన్నింగులో ఉన్న బండి మీద డబుల్స్ పోకూడదురా. బరువు ఎక్కువైందని దిగి బస్సెక్కాను. కావాలంటే మస్తాన్ వలీని అడుగు."

ప్రసాదు నా వంక చూశాడు. నేను పాల గ్లాసు వంక చూశాను.

"తెలిసీ ఎందుకెక్కావు మరి?"

"ఇడ్లీ రేకులు పోగొట్టుకుని చేసిన బండి. ఎలా పోతుందో చూద్దామని ఎక్కాను" అని, "తాగండి, చల్లారిపోతాయి" అని గ్లాసు నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

భోజనాలయ్యాక అడిగితే చెప్పింది. సిలిండరు ఇవ్వడానికి ఇంటికొచ్చిన రోజు, నేను పెరట్లో కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటుంటే, మస్తాన్ వలీ ఆమెకు కూడా అన్నీ చెప్పి వెళ్ళాడట. నేను వినే మనిషిని కానని ఆయన అభిప్రాయం. పాతికేళ్ళ స్నేహంలో నా గురించి ఆయన తెలుసుకున్నది అంతే.

మూడు గంటలకు తిరుగు ప్రయాణం. రాజ్యం బస్సులో, నేను బండి మీద. పొద్దుటి బస్సే, పొద్దుటి కండక్టరే. సంచి పైకి అందుకుంటూ నన్ను చూసి, "అమ్మగారికి ఎస్కార్టా అండీ" అన్నాడు. అనుకోనీ.

వెళ్ళదలుచుకున్నవాళ్ళకు చివరగా ఒక మాట. ఈ డెల్టాను అందరూ అరవైలో చూసి పచ్చగా ఉందని రాస్తారు. నలభైలో చూస్తే పచ్చ ఎక్కడ ఆగి చెరువు ఎక్కడ మొదలైందో, ఎవరి మేడకు రంగులు పడ్డాయో, ఎవరిది స్లాబు దగ్గరే ఆగిపోయిందో అన్నీ కనపడతాయి. నలభైలో పోవడానికి ఎవరూ తీరిక చేసుకోరు కాబట్టి సిలిండరు రీబోరు చేయించుకోండి.

చల్లపల్లి దాటాక రోడ్డు ఖాళీగా దొరికింది. గాలి ఇప్పుడు వెనక నుంచి తోస్తోంది. ఇంజను శబ్దం ఒక్క పొల్లు లేకుండా వినిపిస్తోంది. బస్సు నన్ను దాటి ముందుకు పోయింది గాని, అంతగా దూరం కావడం లేదు. అది గమనించిన మనిషి నేను కాదు. కిటికీలోంచి రాజ్యం చెయ్యి బయటికి వచ్చింది. గాజుల చెయ్యి, అరచెయ్యి కిందికి పెట్టి, మెల్లగా, మెల్లగా అని రెండుసార్లు ఊపింది.

ముల్లు చూశాను. నలభై ఆరు.

తగ్గించాను.